లోపించిన కర్త

ఇంగ్లీషు వ్యాకరణంలో చాలా చిన్నదిగా కనిపించే పాఠం ఒకటున్నది. ఆజ్ఞావాక్యంలో కర్త పైకి కనిపించదు. 'యు' అన్న మాటను మనమే అధ్యాహారం చేసుకోవాలి. "ఓపెన్ ది డోర్" అంటే తలుపు తెరవవలసినది వినేవాడు. ఇంతే పాఠం. ఉపాధ్యాయుడు పది నిమిషాల్లో ముగించి తరువాతి పుటకు పోతాడు.

ఇంత చిన్న పాఠానికి భాషాహక్కుల పత్రికలో చోటెందుకని పాఠకులు అడగవచ్చు. న్యాయవాదిగా నా సమాధానం ఇది. చట్టాలన్నీ ఏదో ఒక రూపంలో ఆజ్ఞలే. ఆజ్ఞలో కర్తను పోల్చుకోలేని పిల్లవాడు రేపు చట్టంలో బాధ్యుడిని పోల్చుకోలేని పౌరుడవుతాడు. తమిళనాట తెలుగువారి గోడును ఒక్క వాక్యంలో చెప్పమంటే నేను వ్యాకరణ పరిభాషలోనే చెబుతాను: మనకిచ్చిన ఆజ్ఞల్లో కర్త మన బిడ్డ; మనకిచ్చిన హామీల్లో కర్త లోపించాడు.

ఖాళీ పీట

ముందు వ్యాకరణం సంగతి తేల్చుకుందాం. ఇంగ్లీషులో సాధారణ వాక్యానికి కర్త తప్పనిసరి. 'కేమ్' అని ఊరుకుంటే చెల్లదు. వచ్చినదెవరో చెప్పి తీరాలి. వాన కురిసినప్పుడు కురిపించేవాడెవరూ లేకపోయినా 'ఇట్' అనే ఉత్తి మాటను తెచ్చి కర్త పీట మీద కూర్చోబెట్టాలి. అంత పట్టుదల గల భాష ఆజ్ఞ దగ్గరికి వచ్చేసరికి ఆ పీటను ఖాళీగా వదిలివేస్తుంది. అందుకే దానికి ప్రత్యేకంగా ఒక పాఠం కావలసి వచ్చింది.

ఖాళీ పీట మీద ఉన్నది 'యు' అని చెప్పడానికి సాక్ష్యాలున్నాయి. "బిహేవ్ యువర్‌సెల్ఫ్" అంటారు గాని "బిహేవ్ హిమ్‌సెల్ఫ్" అనరు. "ఓపెన్ ది డోర్, విల్ యు?" అని తోక తగిలిస్తారు గాని "విల్ హి?" అని తగిలించరు. "హెల్ప్ యువర్‌సెల్ఫ్" అంటే వినేవాడు ఒక్కడు. "హెల్ప్ యువర్‌సెల్వ్స్" అంటే పలువురు. కర్త దాగినా దాని జాడలు వాక్యంలో మిగిలే ఉంటాయి. ఈ జాడలు పట్టి కర్తను రాబట్టడమే పాఠం సారం. దీనిని వదిలి "కర్త 'యు' అని వ్రాయండి" అని బట్టీ పట్టిస్తే పిల్లవాడికి మార్కు వస్తుంది, తెలివి రాదు.

వేపేరికి, పురసవాక్కానికి ఆనుకొని ఉన్న మా చూలైలో ఇరుగుపొరుగు పిల్లల నోటుపుస్తకాల్లో నేను తరచుగా చూసే తప్పు ఒకటున్నది. "రాము, ఓపెన్ ది డోర్" అన్న వాక్యం ఇచ్చి కర్త కింద గీత గీయమంటే 'రాము' కింద గీస్తారు. ఎర్రసిరాతో అడ్డగీత పడుతుంది. ఎందుకు తప్పో చెప్పేవారుండరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు మాట్లాడే ఆ పిల్లలు తెలివితక్కువ వారు కారు. వారి తెలుగును బడి గుమ్మం బయట వదిలి రమ్మన్నాము. తప్పు అక్కడున్నది.

ఆ తెలుగును లోపలికి రానిస్తే ఏమవుతుందో చూడండి. "రామూ, తలుపు తియ్యి" అని వాళ్ళ అమ్మ రోజూ అంటూనే ఉంటుంది. పేరు చివర దీర్ఘం వచ్చింది. అది సంబోధన, పిలుపు. "రాము తలుపు తీశాడు" అన్నప్పుడు ఆ దీర్ఘం లేదు. అది కర్త. 'సీతా' అని పిలవడం వేరు, 'సీత' వచ్చిందనడం వేరు. ఈ తేడా మూడేళ్ళ పిల్లకు కూడా చెవికి తెలుసు. ఇంగ్లీషులో పిలుపుకూ కర్తకూ రూపభేదం లేదు గనుక అక్కడ ఒక కామాను నమ్ముకోవాలి. తెలుగు దీర్ఘాన్ని చూపి ఇంగ్లీషు కామాను బోధించడానికి రెండు నిమిషాలు చాలు.

అంతే కాదు. మన క్రియ తన కర్తను కొంగున ముడివేసుకొనే తిరుగుతుంది. 'వచ్చాను' అంటే నేను, 'వచ్చావు' అంటే నువ్వు, 'వచ్చాము' అంటే మేము. కర్త లోపించడం మనకు వింత కాదు, నిత్యకృత్యం. ఆజ్ఞలో మరీ వివరం. 'రా' అంటే ఒక్కడు, చనువున్నవాడు. 'రండి' అంటే పలువురు, లేదా గౌరవించదగిన ఒక్కరు. మా చెన్నపట్నపు ఇండ్లలో 'రాండి' అంటాము. వద్దనడంలోనూ అంతే: 'రాకు', 'రాకండి'. 'రారా', 'రావే', 'రావయ్యా', 'రావమ్మా' అన్న మాటల్లో వినేవారు ఎవరు, అనేవారికి వారేమవుతారు అన్నది కూడా తెలిసిపోతుంది. "ఎవరైనా తలుపు తీయండి" అన్నప్పుడు పైకి ప్రథమ పురుష కనిపించినా క్రియ మాత్రం మధ్యమ పురుషను వదలదు. ఇంగ్లీషులో "సమ్‌బడీ ఓపెన్ ది డోర్" అన్న వాక్యం పెద్ద తరగతుల విద్యార్థులను కూడా తికమక పెడుతుంది. తెలుగు తెలిసిన పిల్లకు అందులో చిక్కేమీ లేదు.

తమిళ పిల్లవాడికి తమిళం సరిగ్గా ఇదే మేలు చేస్తుంది. 'వా' అన్నదానికీ 'వారుంగళ్' అన్నదానికీ ఉన్న తేడా మన 'రా', 'రండి'ల తేడాయే. అందువల్ల ఇది ఏ భాష గొప్పదన్న తగాదా కాదు. ఎవరి అమ్మనుడి వారికి పరాయి భాషకు తాళంచెవి. తమిళ పిల్లవాడి చేతిలో ఆ తాళంచెవి ఉన్నది. తెలుగు పిల్లవాడి చేతిలో నుండి లాగుకున్నారు.

వ్యాకరణాల పట్నం

ఈ అన్యాయం జరుగుతున్న ఊరేదో గుర్తుంచుకోవాలి. 1812లో ఇదే పట్నంలో సెయింట్ జార్జి కోట కళాశాల వెలిసింది. కొత్తగా వచ్చే దొరలకు దేశభాషలు నేర్పడం దాని పని. 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ఇక్కడే అచ్చయింది. దానికి జతచేసిన వ్యాసంలోనే ఎల్లిస్ తెలుగు, తమిళ, కన్నడాది భాషలు సంస్కృతం నుండి పుట్టినవి కావనీ, ఒకే కుదురుకు చెందినవనీ నిరూపించాడు. 1840లో బ్రౌను తెలుగు వ్యాకరణం వెలువడినదీ ఇక్కడే. పరవస్తు చిన్నయసూరి పుట్టినది ఈ పట్నానికి చేరువలోని పెరుంబూదూరులో. పండితుడిగా పేరు పొందినదీ, మనకు బాలవ్యాకరణం ప్రసాదించినదీ ఈ పట్నంలో ఉంటూనే.

అంటే ఇంగ్లీషువాడు ఏలడానికి వచ్చి తెలుగు క్రియ నేర్చుకున్న ఊరు ఇది. 'రా'కూ 'రండి'కీ తేడా తెలియనివాడు మండలంలో అధికారం చేయలేడని కుంఫిణీ ప్రభుత్వానికి కూడా తెలిసింది. అదే ఊళ్ళో నేడు తెలుగు బిడ్డ తన క్రియను తాను తెలుసుకోకుండానే ఇంగ్లీషు క్రియను బట్టీ పడుతున్నాడు. పరాయివాడికి ఉన్న వసతి ఇంటివాడికి లేకుండా పోయింది.

చట్టంలో కర్త

ఇక చట్టం దగ్గరికి వద్దాం. చట్టాలు వ్రాసేవారు ఉత్తి ఆజ్ఞావాక్యాన్ని దగ్గరికి రానివ్వరు. "పన్ను కట్టు" అని ఏ చట్టమూ అనదు. ఫలానా ఆస్తి గల ప్రతి వ్యక్తీ ఫలానా తేదీలోగా పన్ను కట్టవలెను అంటుంది. ఖాళీ పీట మీద ఎవరు కూర్చోవాలో వినేవాడి ఊహకు వదిలితే ప్రతివాడూ పక్కవాడిని చూపిస్తాడు గనుక. 1840లలో ఇంగ్లండులో జార్జి కూడ్ అనే న్యాయవాది చట్టవాక్యాన్ని అంగాంగాలుగా విడదీసి చూపాడు. ఏ సందర్భంలో, ఏ షరతు మీద, ఎవరు, ఏమి చేయాలి అన్న నాలుగింటిలో 'ఎవరు' అన్నది తేలకపోతే చట్టం చేతగానిదవుతుందన్నది ఆ విశ్లేషణ నుండి మనం తీసుకోవలసిన పాఠం.

మన పూర్వులు దీనిని అంతకంటె ఎంతో ముందే పట్టుకున్నారు. జైమిని మీమాంసాసూత్రాలలో ఆరవ అధ్యాయం అధికార విచారానికి కేటాయించబడింది. విధివాక్యం ఎవరిని నియోగిస్తున్నది, ఆ కర్మకు అధికారి ఎవరు అన్నదే అక్కడి ప్రశ్న. విశ్వజిత్ యాగానికి వేదంలో ఫలం చెప్పలేదు. ఫలం తెలియనిదే దానిని కోరే కర్త తేలడు. కర్త తేలనిదే విధి నిలవదు. కనుక అందరూ కోరుకునే స్వర్గాన్ని ఫలంగా అధ్యాహారం చేసి, స్వర్గం కోరేవాడిని కర్తగా నిలబెట్టారు. విధి వ్యర్థం కారాదు, కర్తను వెదికి నిలబెట్టాలి అన్నది వారి పట్టుదల. ఆ పట్టుదల మన ప్రభుత్వాలకు ఉన్నదా?

రాజ్యాంగం 350ఎ అధికరణం తీసుకోండి. రాష్ట్రాల పునర్విభజన తరువాత తమ భాషా రాష్ట్రానికి వెలుపల మిగిలిపోయిన మనవంటివారి కోసం 1956లో ఏడవ సవరణ ద్వారా దీనిని చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడం ప్రతి రాష్ట్రానికీ, ప్రతి స్థానిక సంస్థకూ ప్రయత్నంగా ఉండాలన్నది దాని తాత్పర్యం. ఇంగ్లీషు మూలంలో కర్త పీట మీద ఎవరున్నారో చూడండి. రాష్ట్రం లేదు. వాన వాక్యంలో చూసిన ఆ ఉత్తి 'ఇట్' ఉన్నది! రాష్ట్రం షష్ఠీ విభక్తిలో ఒక మూల ఒదిగి ఉన్నది. చేయవలసినది కూడా కల్పించడం కాదు, కల్పించే ప్రయత్నం. ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్రపతికి ఉన్నది. అయితే 'ఇవ్వవచ్చు' అన్నారే గాని 'ఇవ్వవలెను' అనలేదు. 350బి అధికరణం కింద 1957 నుండి భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు ఉన్నారు. పరిశీలించి నివేదించడం ఆయన పని. చేయించే అధికారం ఆయనకు లేదు. ఇంతమంది పేర్లున్న ఈ ఏర్పాటులో 'ఇది నేను చేయాలి' అని లేచి నిలబడే కర్త ఒక్కరూ లేరు.

ఇప్పుడు రెండో రకం వాక్యం చూడండి. 2006లో తమిళనాడు శాసనసభ తమిళం నేర్చుకోవడానికి చట్టం చేసింది. 2006–07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున పదవ తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేశారు. మొదటి భాగంలో తమిళం, రెండో భాగంలో ఇంగ్లీషు, మూడో భాగంలో మిగతా పాఠ్యాంశాలు. తెలుగు వంటి మాతృభాష నాలుగో భాగంలో, ఐచ్ఛికంగా. చట్టం పేరులో ఉన్నది 'నేర్చుకోవడం'. నేర్చుకోవడం బిడ్డ పని. లోపల సెక్షనులో ఉన్నది తమిళం 'బోధింపబడవలెను' అన్న కర్మణి ప్రయోగం. బోధించవలసినది ఎవరు? కర్త లేడు.

కర్త లేని క్రియకు ఏ గతి పట్టాలో దానికి ఆ గతే పట్టింది. భాషా అల్పసంఖ్యాకుల బడుల్లో తమిళ ఉపాధ్యాయులను నియమించలేదనీ, నేర్పని భాషలో పరీక్ష పెట్టడం అన్యాయమనీ మనవాళ్ళు న్యాయస్థానంలో వాదించవలసి వచ్చింది. చట్టం పదవ తరగతికి చేరిన 2016లో మద్రాసు హైకోర్టు ఆ యేటి పరీక్షకు మినహాయింపు ఇచ్చింది. ఆ తరువాత కూడా మినహాయింపుల కోసం పదేపదే కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ యేటి పరీక్షకు కూడా మినహాయింపును పొడిగించింది. బోధించవలసిన కర్త పదేళ్ళపాటు ఎవరికీ కనిపించలేదు. పరీక్ష హాలులో మాత్రం కర్త తక్షణం దొరికాడు. "తమిళం పరీక్ష వ్రాయి" అన్న ఆజ్ఞలో దాగిన 'నువ్వు' పదిహేనేళ్ళ తెలుగు పిల్ల. హక్కు దగ్గర 'ఇట్', బరువు దగ్గర 'యు'. తమిళనాట మన అరవై ఏళ్ళ చరిత్రకు ఇంతకంటె కుదురైన వ్యాకరణం లేదు.

ఎదురు వాదాలకు జవాబు

ఇది తమిళ ద్వేషమని ఎవరైనా అంటే వారికి ఒకటే చెబుతాను. ఈ నేల మీద బతికేవాడు ఈ నేల భాష నేర్చుకోవాలి. మేము నేర్చుకున్నాము, మా పిల్లలు నేర్చుకుంటున్నారు. మహారాష్ట్రలో గుజరాతీ అల్పసంఖ్యాకుల బడుల్లో మరాఠీని తప్పనిసరి చేయడం చెల్లుతుందని 2004లో ఉషా మెహతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు మనకు ఎదురుగా ఉన్నది. దానిని దాచిపెట్టి ఉద్యమం నడపడం నాకు సమ్మతం కాదు. రాష్ట్రభాష నేర్చుకోమన్నంత మాత్రాన అమ్మనుడిని తుడిచివేయమని ఆ తీర్పు చెప్పలేదు. మన తగవు తమిళం చేరినందుకు కాదు, తెలుగు జారిపోయినందుకు.

ఇదే కొలబద్దను తెలుగునాట కూడా వాడాలి. 2018లో తెలంగాణ రాష్ట్రం బడుల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. దాని పేరులో 'బోధన', 'అభ్యసన' రెండూ ఉన్నాయి. సంతోషమే. కాని హైదరాబాదులోని తమిళ బిడ్డకో, ఉర్దూ బిడ్డకో తెలుగు నేర్పే గురువును ఇవ్వకుండా పరీక్ష పెడితే, చూలైలో మన బిడ్డకు జరిగిన అన్యాయమే అక్కడ వారికి జరుగుతుంది. అప్పుడు వారి తరఫున నిలబడని తెలుగువాడికి ఇక్కడ నోరెత్తే అర్హత ఉండదు.

తల్లిదండ్రులే ఇంగ్లీషు కోరుకుంటున్నారు గదా అన్నది మూడో వాదం. 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతాన రుద్దజాలదనీ, ఎంపిక తల్లిదండ్రులదనీ అన్నది. మంచిది. ఎంపిక చేసుకోవాలంటే ఎదుట రెండు దారులుండాలి. తెలుగు అయ్యవారు లేని బడిలో తెలుగును 'ఎంచుకోలేదు' అని తల్లిని నిందించడం ఏమి న్యాయం? 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాట తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షలకు పైగా ఉన్నారు. నూటికి దాదాపు ఆరుగురు. ఇంత జనం ఒక్కుమ్మడిగా అమ్మనుడి వద్దనుకున్నారంటే నమ్మగలమా?

అయితే మన ఇండ్లలో జరుగుతున్నదీ చెప్పుకోవాలి. "కమ్", "సిట్", "ఈట్", "గో" అని రెండేళ్ళ పసివాడితో మాట్లాడే తెలుగు ఇండ్లు నేడు తక్కువ కావు. పెంపుడు కుక్కతోనూ అవే మాటలు, బిడ్డతోనూ అవే మాటలు. దాగిన 'యు' ఇద్దరికీ ఒకటే. "రా నాయనా", "తినమ్మా" అన్న మాటల్లో బిడ్డ తానెవరో తెలుసుకుంటాడు. తాతతో 'రండి' అన్నప్పుడు ఎదుటివాడెవరో తెలుసుకుంటాడు. మర్యాద ఒక పాఠంగా నేర్పబడదు, క్రియాంతంలో నేర్పబడుతుంది. దానిని తీసివేసి చివర ఒక 'ప్లీజ్' అంటించినంత మాత్రాన పోయినది తిరిగిరాదు. ఈ విషయంలో కర్త ప్రభుత్వం కాదు, మనమే.

మనం చేయవలసినవి

తెలుగు కూడా కర్తను దాచగలదు. 'చదవాలి' అన్న రూపం చూడండి: నేను చదవాలి, నువ్వు చదవాలి, వారు చదవాలి. క్రియ మారదు. 'చేయవలెను', 'చర్య తీసుకొనబడును' వంటివి సర్కారువారికి ఇష్టమైన మాటలు కావడం కాకతాళీయం కాదు. మన సభల తీర్మానాలు కూడా 'తెలుగును కాపాడుకోవాలి' అని ముగుస్తాయి. ఎవరు? ఎప్పటిలోగా? చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోతాము. కనుక కర్తలను పేర్కొనే నా ప్రతిపాదనలు ఇవి.

ఒకటి. తమిళనాడు పాఠశాల విద్యాశాఖ భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణాన్ని వారి మాతృభాషతో పోల్చి బోధించే చేపుస్తకం తయారు చేయాలి. సంబోధన, ఆజ్ఞ, నిషేధం అన్న మూడు పాఠాలతో మొదలుపెట్టినా చాలు. శాఖ చేసేదాకా మన తెలుగు సంఘాలు తమ ఖర్చుతో చేయాలి. వ్యాకరణ పండితులు మన నడుమ ఇంకా ఉన్నారు.

రెండు. ఏ వినతిపత్రంలోనూ 'ప్రభుత్వం' అని ఊరుకోవద్దు. ఏ బడిలో ఎన్ని తెలుగు ఉపాధ్యాయుల ఖాళీలున్నాయి, వాటిని నింపవలసిన అధికారి హోదా ఏమిటి అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. జవాబుకు ముప్పై రోజుల గడువు ఆ చట్టంలోనే ఉన్నది. కర్త దాగిన వాక్యంలోకి కర్తను లాగుకురావడానికి సామాన్యుడికి దొరికిన పనిముట్టు అది.

మూడు. మన కోరికను ఏ పురుషలో చెప్పాలో తేల్చుకోవాలి. ఇంగ్లీషు వినతిపత్రాల్లో "లెట్ అస్ లెర్న్ అవర్ మదర్ టంగ్" అని వ్రాస్తున్నాము. ఆ 'లెట్ అస్' రెండు విధాల అర్థమిస్తుంది. 'మమ్మల్ని నేర్చుకోనివ్వండి' అన్నది ఒకటి. అందులో కర్త ఎదుటివాడు, మనది చేయి చాచిన స్థితి. 'మనం నేర్చుకుందాం' అన్నది రెండోది. అందులో వినేవాడూ మనతో చేరుతాడు. ఇంగ్లీషు ఈ రెంటినీ ఒకే మూటలో కడుతుంది. తెలుగు విడదీస్తుంది, తమిళమూ 'నాంగళ్', 'నామ్' అని విడదీస్తుంది. ప్రభుత్వంతో మొదటి అర్థంలో మాట్లాడక తప్పదు. మన ఇండ్లలో, మన వీధుల్లో మాత్రం రెండో అర్థమే చెల్లాలి.

చూలైలో ఉన్న తెలుగువారికి నా విన్నపంలో కర్తను దాచను. మీరు ఈ వారమే మీ పిల్లల నోటుపుస్తకం తెరవండి. ఆజ్ఞావాక్యం పాఠం తీయండి. 'రామూ'లోని దీర్ఘాన్ని మీరు చూపండి. ఆ తరువాత ఆ బడి ప్రధానోపాధ్యాయుని దగ్గరికి మీరే వెళ్ళి, తెలుగు చెప్పే అయ్యవారు ఎప్పుడు వస్తారో వ్రాతపూర్వకంగా అడగండి. అర్జీ నేను వ్రాసిపెడతాను.